మీరు గీసిన గీత, సాఫ్ట్‌వేర్ దాచుకున్న గీత

ఇంక్‌స్కేప్, ఇల్లస్ట్రేటర్ లాంటి వెక్టర్ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో పెన్సిల్ టూల్ పట్టుకుని ఒక ఆకు గీయండి. తొడిమ దగ్గర మొదలుపెట్టి, ఎడమ అంచు వెంట పైకి వెళ్లి, మొన దగ్గర తిరిగి, కుడి అంచు వెంట దిగి మళ్లీ తొడిమ దగ్గరికి రండి. బటన్ వదలగానే గీత ఒక్కసారి సర్దుకున్నట్టు కదులుతుంది. గరుకుగా ఉన్న చోట నున్నబడుతుంది, మొన కాస్త మొద్దుబారుతుంది. రెప్పపాటులో జరిగిపోతుంది కాబట్టి చాలామంది గమనించరు. బటన్ వదిలేదాకా తెర మీద ఉన్నది మీ చెయ్యి నడిచిన దారి. వదిలాక ఉన్నది, ఆ దారిని చూసి సాఫ్ట్‌వేర్ తన లెక్కలో వేసుకున్న మరో గీత. మొదటిది ఇక ఫైల్‌లో ఎక్కడా ఉండదు.

వెక్టర్ బొమ్మలు కొత్తగా వేసేవాళ్లు పడే తిప్పలు చాలావరకు ఇక్కడే పుడతాయని నా అభిప్రాయం. నేను గీసినట్టు రాలేదంటారు. ఒక చోట సరిచేస్తే పక్కన వంకర పోతోందంటారు. గీత నిండా ముప్పై నలభై చుక్కలు కనిపిస్తుంటే ఏది పట్టుకోవాలో తోచక, మొత్తం చెరిపేసి మళ్లీ గీస్తారు. తమ చేతిలోనే పనితనం లేదని బాధపడతారు కూడా. ఆ చుక్కలు అక్కడికి ఎందుకొచ్చాయో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది.

నాలుగు బిందువులు, ఒక వంపు

ఫొటోలో గీత అంటే రంగు చుక్కల వరుస. వెక్టర్ ఫైల్‌లో అలాంటి వరుస ఉండదు. గీత ఎక్కడ మొదలై ఎలా వంగాలో చెప్పే అంకెలు ఉంటాయి. గీతని ముక్కలుగా చూస్తే ఒక్కో వంపు ముక్కకీ నాలుగు బిందువులు. అందులో రెండు ఆ ముక్క చివర్లు. వంపు వీటి గుండానే పోతుంది. వీటిని ఇంక్‌స్కేప్ నోడ్ అంటుంది, ఇల్లస్ట్రేటర్ యాంకర్ పాయింట్ అంటుంది. మిగిలిన రెండూ హ్యాండిళ్ల కొసలు, అంటే నోడ్ నుంచి బయటికి వచ్చే, పట్టుకుని లాగే పిడుల చివర్లు. వంపు మామూలుగా వాటిదాకా పోదు, వాటి వైపు మొగ్గుతుంది అంతే. నోడ్ నుంచి బయలుదేరేటప్పుడు హ్యాండిల్ ఎటు చూపిస్తే అటే బయలుదేరుతుంది. హ్యాండిల్ పొడవుగా ఉంటే ఆ దిక్కునే ఎక్కువ దూరం పోతుంది, పొట్టిగా ఉంటే తొందరగా మళ్లుతుంది.

హ్యాండిల్ ఎంత లాగితే వంపు ఎంత కదులుతుందో అంచనా దొరకక మొదట్లో అందరూ తడబడతారు. దాని వెనకున్న లెక్క చాలా చిన్నది. వంపు నడిమి బిందువు ఎక్కడుండాలో ఆ నాలుగు బిందువులూ 1, 3, 3, 1 పాళ్లలో తేలుస్తాయి. మొత్తం 8 పాళ్లు. కాబట్టి ఒక హ్యాండిల్ కొసని 8 మిల్లీమీటర్లు లాగితే వంపు నడుము 3 మిల్లీమీటర్లు జరుగుతుంది. రెండు హ్యాండిళ్లనీ ఒకే వైపు 8 లాగితే 6 జరుగుతుంది. వంపు ఎప్పుడూ చేతికన్నా వెనకబడే ఉంటుంది. ఇది తెలియక, కావలసిన చోటికి హ్యాండిల్‌నే తెచ్చి పెట్టి, వంపు అక్కడిదాకా రాలేదేమిటని ఆశ్చర్యపోతారు.

మన ఆకునే అంకెల్లో పెట్టి చూద్దాం. తొడిమ కింద ఉంది, మొన సరిగ్గా దానికి 120 మిల్లీమీటర్ల పైన ఉంది. ఎడమ అంచు నడుము దగ్గర 30 మిల్లీమీటర్లు బయటికి ఉబ్బాలి. రెండు నోడ్‌లు చాలు, తొడిమ దగ్గరొకటి, మొన దగ్గరొకటి. కింది హ్యాండిల్ కొస 40 మిల్లీమీటర్ల ఎత్తులో, పై హ్యాండిల్ కొస 80 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంచి, రెండిటినీ మధ్యగీత నుంచి 40 ఎడమకి జరపండి. అంచు సరిగ్గా 30 దగ్గర ఆగుతుంది, 40లో ఎనిమిదింట ఆరు వంతులు 30 కాబట్టి. పొట్ట ఇంకాస్త కిందికి రావాలనుకుంటే రెండు హ్యాండిళ్ల కొసల్నీ కొంచెం కిందికి జరపాలి. కుడి అంచుకీ ఇదే పద్ధతి. ఆకు మొత్తానికి రెండు నోడ్‌లు, నాలుగు హ్యాండిళ్లు అయ్యాయి. ఇదే ఆకుని పెన్సిల్ టూల్‌తో ఒక్క ఊపులో గీస్తే దీనికి పదింతల నోడ్‌లు రావడం మామూలే.

ఈ వంపుల పుట్టిల్లు కార్ల పరిశ్రమ. కారు ఒంటి మీది వంపుల్ని యంత్రాలకి అర్థమయ్యేలా అంకెల్లో చెప్పాల్సిన అవసరం అక్కడ వచ్చింది. సిట్రోయెన్‌లో పనిచేసిన పాల్ డి కాస్టెల్జో 1959లో ఈ పద్ధతిని కనిపెట్టాడు, కానీ ఆ కంపెనీ దాన్ని బయటికి పొక్కనివ్వలేదు. రెనోలో పనిచేసిన పియర్ బెజియే 1960లలో మరో దారిన ఇక్కడికే చేరి, తన పనిని ప్రచురించాడు. ఆయన పేరే నిలిచింది, మన నోళ్లలో బెజియర్ అయింది. పేజీ ఎలా ముద్రించాలో ప్రింటర్‌కి చెప్పే భాష పోస్ట్‌స్క్రిప్ట్, 1984లో వచ్చింది, ఈ వంపులనే వాడుకుంది. 1987లో వచ్చిన ఇల్లస్ట్రేటర్ వాటిని మౌస్‌తో పట్టుకుని లాగే వీలు చిత్రకారులకి ఇచ్చింది.

వీటికీ ఒక హద్దుంది. బెజియర్ వంపులతో నూటికి నూరుపాళ్లు ఖచ్చితమైన వృత్తం రాదు. నాలుగు నోడ్‌లు పెట్టి, ఒక్కో హ్యాండిల్‌ని వ్యాసార్ధంలో 0.5523 వంతు పొడవుంచితే దాదాపు వృత్తం వస్తుంది. 100 మిల్లీమీటర్ల వ్యాసార్ధం దగ్గర తేడా 0.03 మిల్లీమీటర్లు కూడా ఉండదు కాబట్టి కంటికి ఆనదు. అందుకే చేత్తో గుండ్రంగా ఏదైనా గీసి దిద్దుతున్నప్పుడు హ్యాండిల్ పొడవు వ్యాసార్ధంలో సగానికి కొంచెం పైన ఉందో లేదో చూస్తే చాలు.

సాఫ్ట్‌వేర్ ఊహ ఎలా నడుస్తుంది

మామూలు యూఎస్‌బీ మౌస్ సెకనుకి 125 సార్లు తన కదలికను కంప్యూటర్‌కి చెబుతుంది. ఆకు గీయడానికి మూడు సెకన్లు పడితే 375 దాకా బిందువులు పోగవుతాయి. వాటిలో మీరు కోరుకున్న ఆకారంతో పాటు కోరుకోనివి రెండు కలిసి ఉంటాయి. ఒకటి పిక్సెళ్ల మెట్లు. మౌస్ బాణం ఈ పిక్సెల్ మీదో పక్క పిక్సెల్ మీదో ఉంటుంది, మధ్యలో ఉండదు. నెమ్మదిగా ఏటవాలుగా గీస్తే ఆ బిందువులు మెట్లమెట్లుగా పడతాయి. రెండోది చేతి వణుకు. ఆరోగ్యంగా ఉన్న ఏ మనిషి చెయ్యైనా సెకనుకి సుమారు 8 నుంచి 12 సార్లు అతి సన్నగా వణుకుతూనే ఉంటుంది. కాగితం మీద పెన్సిల్ ఒరిపిడి దాన్ని మింగేస్తుంది. మౌస్, ట్యాబ్లెట్ మాత్రం దాన్ని కూడా నమోదు చేస్తాయి.

ఇన్ని బిందువుల్నీ ఉన్నవున్నట్టు కలిపితే గీత రంపంలా ఉంటుంది, తర్వాత దిద్దడానికీ కుదరదు. అందుకని సాఫ్ట్‌వేర్ ఆ గుంపు మీదుగా పోయే బెజియర్ వంపుని వెతుకుతుంది. ఈ పనికి ఫిలిప్ ష్నైడర్ 1990లో ప్రచురించిన పద్ధతి బాగా పేరుపొందింది. దాని నడక చూడండి. ముందు మొత్తం గీతకి ఒకే ఒక్క వంపు సరిపోతుందేమో ప్రయత్నిస్తుంది. గీత రెండు చివర్లలో చెయ్యి ఏ దిక్కుగా పోతోందో చూసి హ్యాండిళ్ల దిక్కు పెడుతుంది, తేడా వీలైనంత తగ్గేలా పొడవు లెక్కగడుతుంది. ఆ తర్వాత ఒక్కో బిందువూ ఈ వంపుకి ఎంత దూరంలో ఉందో కొలుస్తుంది. అన్నీ అనుమతించిన దూరం లోపలే ఉంటే పని అయిపోయినట్టే. లేకపోతే అన్నిటికన్నా ఎక్కువ దూరంలో ఉన్న బిందువు దగ్గర గీతని రెండుగా కోసి, అక్కడొక నోడ్ పెట్టి, రెండు ముక్కలకీ ఇదే తంతు మొదటినుంచి నడుపుతుంది.

నోడ్ ఎక్కడ పడిందో మళ్లీ ఒకసారి గమనించండి. ఊహ బెడిసికొట్టిన చోట పడింది. ఆకారానికి అక్కడ నోడ్ అవసరమా లేదా అన్న ప్రశ్న ఎక్కడా రాలేదు. చెయ్యి వణికి ఒక బిందువు పక్కకి జరిగితే అక్కడొక నోడ్ రావచ్చు. ఆకు మొన లాంటి ముఖ్యమైన చోట మాత్రం, చుట్టుపక్కల బిందువులన్నీ అనుమతించిన దూరంలోనే ఉన్నాయని, మొనని చిన్న గుండ్రంగా మార్చి దాటేయవచ్చు. పెన్సిల్ గీతని దిద్దడం ఎందుకంత కష్టమో నాకు అర్థమైంది ఈ సంగతి తెలిశాకే. ఆ నోడ్‌లు మన కళ్లకి కనిపించే ఆకారం ప్రకారం కూర్చోలేదు, ఒక లెక్క ఎక్కడెక్కడ తప్పిందో దాని ప్రకారం కూర్చున్నాయి.

మనిషి పెన్ టూల్‌తో నోడ్‌లు పెట్టే తీరు వేరు. మూలల్లో పెడతాడు. వంపు అన్నిటికన్నా ఎడమకో కుడికో పైకో కిందికో చేరే అంచుల్లో పెడతాడు. అక్షరాల ఫాంట్లు చేసేవాళ్లు ఈ అంచుల నియమాన్ని గట్టిగా పాటిస్తారు, ఎందుకంటే అక్కడ హ్యాండిళ్లు అడ్డంగానో నిలువుగానో ఉంటాయి, అక్షరం వెడల్పు మార్చాలన్నా ఎత్తు మార్చాలన్నా ఒక్క వైపు కదిపితే సరిపోతుంది. ఎస్ ఆకారంలో మెలిక తిరిగే చోట చాలాసార్లు నోడే అక్కర్లేదు, ఒక్క బెజియర్ ముక్కే ఆ మెలిక తిరగగలదు.

గీసే ముందే సగం దిద్దడం

అనుమతించే దూరం ఎంత ఉండాలో చెప్పే మీట పెన్సిల్ టూల్‌కి మామూలుగా ఉంటుంది. ఇంక్‌స్కేప్‌లో దాని పేరు స్మూతింగ్, 1 నుంచి 100 దాకా. ఇల్లస్ట్రేటర్‌లో ఫిడెలిటీ, ఒక చివర ఆక్యురేట్, రెండో చివర స్మూత్. ఆక్యురేట్ అన్న మాట చూసి అదే మంచిదనుకోవడం సహజం. అటు తోస్తే మీ వణుకుని కూడా నమ్మకంగా నమోదు చేస్తుంది. నేనైతే నున్నగా ఉండే వైపే మొదలుపెట్టి, ఆకారం చెదిరిపోతోందనిపిస్తే వెనక్కి వస్తాను.

దీనికన్నా ఎక్కువ ప్రభావం చూపేది, తక్కువమంది పట్టించుకునేది జూమ్. ఇంక్‌స్కేప్ లాంటి వాటిలో ఆ దూరాన్ని తెర మీది లెక్కలో కొలుస్తారు. బొమ్మని నాలుగింతలు పెంచి గీస్తే, అదే మీట దగ్గర, బొమ్మలో అనుమతించే దూరం నాలుగో వంతుకి తగ్గిపోతుంది. సన్నటి వివరం నిలుస్తుంది, నోడ్‌లూ పెరుగుతాయి. పొడవాటి సాఫీ గీతలు దూరంగా ఉండి గీయడం, కనురెప్పల్లాంటివి దగ్గరికి వెళ్లి గీయడం మంచిదని అనేది ఇందుకే. నిన్న బాగా వచ్చిన సెట్టింగ్ ఈ రోజు రావట్లేదంటే మీట దగ్గరికి పోయే ముందు జూమ్ ఎంతుందో చూడండి.

చేతి వేగం కూడా లెక్కలోకి వస్తుంది. నెమ్మదిగా గీస్తే బాగా వస్తుందనిపిస్తుంది కానీ, అలా గీసినప్పుడే మెట్లూ వణుకూ ఎక్కువ పడతాయి. మణికట్టు తిప్పకుండా భుజం నుంచి చెయ్యి కదిపి, ఒకే ఊపులో గీసిన గీతలో బిందువులు తక్కువ, అవి చెప్పే దిక్కు స్పష్టం. రానప్పుడు అన్‌డూ కొట్టి మళ్లీ గీయడమే నయం. ఒక గీత కోసం ఏడెనిమిది సార్లు గీయడంలో తప్పేమీ లేదు, చేయి తిరిగిన చిత్రకారులూ అదే చేస్తారు.

మూలలున్న ఆకారాన్ని ఒక్క గీతగా గీయకపోవడం అన్నిటికన్నా మేలు. గీత రెండు చివర్లనీ సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ ఉన్నచోటే ఉంచుతుంది. కాబట్టి మొన ఎక్కడ కావాలో అక్కడ గీతని ఆపేయండి. ఎడమ అంచు ఒక గీత, కుడి అంచు ఒక గీత. ఆ తర్వాత నోడ్ టూల్‌తో కలవాల్సిన రెండు చివరి నోడ్‌లనీ సెలెక్ట్ చేసి కలపండి, ఇంక్‌స్కేప్‌లో ముందు కంట్రోల్+కెతో రెండు గీతల్నీ ఒకే వస్తువుగా చేసి ఆ తర్వాత షిఫ్ట్+జె, ఇల్లస్ట్రేటర్‌లో కంట్రోల్+జె. మొన కత్తిలా ఉంటుంది. దగ్గరగా ఉన్నాయి కదా అని కలపకుండా వదిలేస్తే రంగు నింపాక అసలు సంగతి బయటపడుతుంది. చివర్లు కలవని పాత్‌కి (సాఫ్ట్‌వేర్ భాషలో గీతకి పేరు అదే) ఫిల్ ఇస్తే మొదటి చివర నుంచి ఆఖరి చివరకి కంటికి కనిపించని తిన్నని గీత ఉన్నట్టు భావించి నింపుతుంది. అంచు గీత మాత్రం అక్కడ ఉండదు.

నోడ్‌లతో పని

ఇప్పుడు మన దగ్గర ఇరవై నోడ్‌ల ఆకు ఉందనుకుందాం. ముందు ఏదీ లాగకండి. దూరంగా జరిగి చూసి, నేను పెన్ టూల్‌తో గీస్తే ఎక్కడెక్కడ నోడ్ పెట్టేవాడినని అడగండి. తొడిమ, మొన, మరీ కావాలంటే రెండు పక్కలా పొట్ట దగ్గర ఒక్కోటి. మిగతావి తీసేయాల్సినవే. ఒక్కోటి తీస్తూ గీత ఏమవుతుందో చూడండి. ఇంక్‌స్కేప్‌లో డిలీట్ నొక్కితే పక్క నోడ్‌ల హ్యాండిళ్లని సవరించి పాత ఆకారాన్ని నిలపడానికి ప్రయత్నిస్తుంది. ఆ ప్రయత్నం వద్దనుకుంటే కంట్రోల్+డిలీట్. ఇల్లస్ట్రేటర్‌లో జాగ్రత్త అవసరం, అక్కడ యాంకర్ పాయింట్‌ని సెలెక్ట్ చేసి డిలీట్ కీ నొక్కితే రెండు పక్కల ముక్కలూ పోయి గీత తెగిపోతుంది. గీత తెగకుండా పాయింట్ మాత్రమే పోవాలంటే డిలీట్ యాంకర్ పాయింట్ టూల్ వాడాలి, దాని కీ మైనస్ గుర్తు.

అనవసరమైనవి పోయాక మిగిలిన వాటి స్వభావం సరిచూడాలి. మూల దగ్గరి నోడ్‌లో రెండు హ్యాండిళ్లూ ఎవరి దారిన అవి ఉంటాయి, ఇంక్‌స్కేప్‌లో దీన్ని కస్ప్ అంటారు, షిఫ్ట్+సి. నున్నటి నోడ్‌లో రెండూ ఒకే సరళరేఖ మీద ఉంటాయి, ఒకటి తిప్పితే రెండోది తిరుగుతుంది, షిఫ్ట్+ఎస్. పొడవులు కూడా సమానంగా ఉండాలంటే షిఫ్ట్+వై. ఆకు మొన మొద్దుబారి ఉంటే అక్కడి నోడ్‌ని కస్ప్ చేసి, పైకి తెచ్చి, రెండు హ్యాండిళ్లనీ విడివిడిగా కిందికి తిప్పితే మొన తేలుతుంది. ఎప్పుడూ హ్యాండిళ్లతోనే కుస్తీ పట్టనక్కర్లేదు, రెండు సాఫ్ట్‌వేర్లలోనూ వంపు ముక్కనే పట్టుకుని లాగవచ్చు, హ్యాండిళ్లు వాటంతటవి సర్దుకుంటాయి.

నున్నటి నోడ్ అయినా గీతలో చిన్న బొప్పి ఉన్నట్టు అనిపించే సందర్భం ఒకటుంది. ఆ నోడ్‌కి ఒక హ్యాండిల్ చాలా పొట్టిగా, రెండోది బాగా పొడవుగా ఉండటం తరచూ దానికి కారణం. దిక్కు కలిసింది, వంగే జోరు కలవలేదు. ఒక పక్క చటుక్కున వంగి వెంటనే సాగిపోతుంది. కారు డోరు మీద పడే ప్రతిబింబంలో ఇలాంటి లోపమే విరిగిన గీతలా కనిపిస్తుంది కాబట్టి కార్లు చేసేవాళ్లు దీని మీద చాలా శ్రద్ధ పెడతారు. మనకి పాటించడానికి ఒక మోటు లెక్క చాలు. మెల్లగా వంగే ముక్కలో హ్యాండిల్ పొడవు రెండు నోడ్‌ల మధ్య దూరంలో సుమారు మూడో వంతు ఉండాలి.

ఇదంతా ఎందుకు, నోడ్‌లని ఒక్కసారిగా తగ్గించే సింప్లిఫై నొక్కితే పోదా అనే ప్రశ్న వస్తుంది. ఇంక్‌స్కేప్‌లో కంట్రోల్+ఎల్, ఇల్లస్ట్రేటర్‌లో ఆబ్జెక్ట్ మెనూలోని పాత్ కింద ఉంటుంది. నేనూ వాడతాను. గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, అది మళ్లీ పైన చెప్పిన ఊహల ఆటే, ఈసారి ఎక్కువ దూరం అనుమతిస్తూ. కొండల వరుస, మబ్బు, జుట్టు లాంటి చోట్ల బాగా పనిచేస్తుంది. ముఖంలో, చేతివేళ్లలో, మూలలున్న ప్రతి చోటా ఆకారం మెత్తబడిపోతుంది. ఇంక్‌స్కేప్‌లో వెంటవెంటనే నొక్కుతూ పోతే ప్రతిసారీ జోరు పెంచుతుంది కూడా, కాబట్టి ఒకసారి నొక్కి, ఆగి, చూసి మళ్లీ నొక్కండి. ఇల్లస్ట్రేటర్‌లో మూలల కోణానికి విడిగా హద్దు పెట్టుకోవచ్చు.

గీతలో కొంత భాగమే నచ్చకపోతే నోడ్‌ల జోలికి పోకుండా దాని మీదే మళ్లీ గీసే దారి ఇల్లస్ట్రేటర్‌లో ఉంది. పాత్ సెలెక్ట్ అయి ఉండగా పెన్సిల్‌తో దాని మీద మొదలుపెట్టి, మళ్లీ దాని మీదే ముగిస్తే మధ్య భాగం కొత్త గీతగా మారిపోతుంది. చేత్తో గీయడం అలవాటున్నవాళ్లకి ఇంతకన్నా సహజమైన పద్ధతి లేదు. అయితే జుట్టులా పక్కపక్కనే గీతలు గీస్తున్నప్పుడు, కొత్త గీత వేసిన ప్రతిసారీ పాతది మాయమవుతుందంటే కారణం ఇదే. సెలెక్ట్ అయి ఉన్న పాత గీతని మీరు దిద్దుతున్నారని అనుకుంటుంది. పెన్సిల్ ఆప్షన్లలో ఎడిట్ సెలెక్టెడ్ పాత్స్ తీసేస్తే ఈ బాధ ఉండదు.

ఒత్తిడితో వచ్చే మందం

ఒత్తిడిని పసిగట్టే పెన్ను, అంటే స్టైలస్‌తో గీసేవాళ్లకి ఇంకో చిక్కుంది. వెక్టర్ బొమ్మలు దాచే ఎస్‌వీజీ ఫైల్‌లో ఒక పాత్‌కి స్ట్రోక్ (పైకి కనిపించే గీత) మందం ఒక్కటే అంకె, మొదటి నుంచి చివరిదాకా అదే. ఒత్తితే లావుగా, వదిలితే సన్నగా వచ్చే గీతకి ఆ ఒక్క అంకె చాలదు. ఇంక్‌స్కేప్‌లోని క్యాలిగ్రఫీ టూల్ అందుకే గీతనే గీయదు. గీత చుట్టూ ఉండే అంచుని గీసి లోపల రంగు నింపుతుంది. చూడటానికి బాగుంటుంది, దిద్దాలంటే రెండు అంచులూ విడివిడిగా కదపాలి. ఎడమ అంచు మీద ఒక నోడ్ కదిపి కుడి అంచు కదపకపోతే అక్కడ మందం ఉబ్బుతుంది లేదా సన్నబడుతుంది.

మందాన్ని విడిగా దాచే దారులు తర్వాత వచ్చాయి. 2010లో ఇల్లస్ట్రేటర్‌లోకి విడ్త్ టూల్ వచ్చింది, షిఫ్ట్+డబ్ల్యూ. ఇంక్‌స్కేప్‌లో పవర్‌స్ట్రోక్ ఉంది. రెండిటిలోనూ నడిమి గీత ఒకటే పాత్‌గా మిగులుతుంది, దాని వెంట అక్కడక్కడ ఇంత లావు అని గుర్తులుంటాయి. వంపు మార్చాలంటే నడిమి గీత నోడ్‌లు కదపాలి, లావు మార్చాలంటే ఆ గుర్తులు కదపాలి. ఒకటి దిద్దితే రెండోది చెడదు. ఈ బొమ్మని ఇంకో సాఫ్ట్‌వేర్‌కి పంపేటప్పుడు అంచుల రూపంలోకి మార్చక తప్పని పరిస్థితి తరచూ వస్తుంది. మార్చాక నడిమి గీత ఉండదు, ఇరవై నోడ్‌ల చోట రెండు వైపులా కలిపి నలభై పైన వస్తాయి. అందుకే మార్చే ముందు ఆ లేయర్‌కి ఒక నకలు తీసి, కనిపించకుండా దాచి, తాళం వేసి అదే ఫైల్‌లో ఉంచుతాను. ముక్కు వంపు కొంచెం మార్చమని ఎవరైనా అడిగినప్పుడు తెరిచేది ఆ లేయర్‌నే.